పొద్దున లేవగానే బీపీ ఎక్కువ, రాత్రి కలత నిద్ర: ముందు దేన్ని చూడాలి?

ప్రశ్న కాస్త పెద్దది కాబట్టి, చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. అడిగినాయన వయసు 46. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. రెండేళ్ళుగా టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నారు. ఇంట్లో మిషన్ పెట్టి చూసుకుంటే పొద్దున 150/95, సాయంత్రం 130/84 వస్తోంది. రాత్రి 11కి పడుకుంటే 3 గంటలకల్లా మెలకువ. ఈలోపే రెండుసార్లు మూత్రానికి లేస్తారు. గురక బాగా పెడుతున్నారని భార్య అంటున్నారు, ఈయన నమ్మడం లేదు. పగలంతా మగత. ఆఫీసుకు రోజూ 25 కిలోమీటర్లు బైకు మీద వెళ్తారు, పోయిన నెల సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కళ్ళు మూతపడి బండి ఒరిగిపోయిందట. అడిగినవి మూడు: నిద్ర లేక బీపీ పెరుగుతోందా, బీపీ వల్ల నిద్ర పట్టడం లేదా? నిద్రమాత్ర వేసుకోవచ్చా? బీపీ మాత్రను పొద్దుటి నుంచి రాత్రికి మార్చుకుంటే పొద్దుటి రీడింగ్ తగ్గుతుందా?

నేను కోస్తాలో ఒక చిన్న పట్టణంలో 22 ఏళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. రోజూ చూసే కేసుల్లో సగం బీపీ, షుగరే. ముందు సూటిగా జవాబులు చెప్పి, తర్వాత ఎందుకో వివరిస్తాను.

నిద్ర చెడితే బీపీ పెరుగుతుంది, ఇందులో అనుమానం లేదు. బీపీ పెరగడం వల్ల నిద్ర చెడడం మాత్రం అరుదు. మామూలుగా బీపీ ఉన్నట్టు మనిషికి తెలియనే తెలియదు, ఇక నిద్రలో లేపేదెక్కడ? మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే మొదట అనుమానించాల్సింది స్లీప్ యాప్నియా, అంటే నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోయి పదే పదే ఊపిరి ఆగడం. అది ఉందో లేదో తేలేదాకా నిద్రమాత్ర వద్దు. బీపీ మాత్ర వేళ మార్చినంత మాత్రాన పెద్ద మార్పు రాదు. ఇప్పుడు వేసుకుంటున్న మాత్ర ఒక్క రోజు కూడా ఆపకండి.

ఇక వివరం.

మన బీపీ 24 గంటలూ ఒకేలా ఉండదు. నిద్రపోయినప్పుడు, ముఖ్యంగా గాఢనిద్రలో, గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు సడలుతాయి, బీపీ 10 నుంచి 20 శాతం దిగుతుంది. పగలు పై అంకె 130 ఉన్న మనిషికి రాత్రి 117కో, అంతకన్నా కిందికో రావాలి. గుండెకు, మెదడు నరాలకు, కిడ్నీలకు రోజు మొత్తంలో దొరికే విశ్రాంతి ఇదొక్కటే. నిద్ర ముక్కలైతే ఆ దిగుడు సరిగా రాదు. కొందరిలో అసలే దిగదు, ఇంకొందరిలో రాత్రి పూట పెరుగుతుంది కూడా. అలాంటివాళ్ళలో గుండెజబ్బు, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువగా కనిపిస్తాయి. క్లినిక్‌లో పగలు 11 గంటలకు నేను చూసే ఒక్క రీడింగులో ఇదేమీ కనబడదు. "సాయంత్రం 130 ఉంది కదా, పర్వాలేదులే" అనుకోవద్దని చెప్పేది అందుకే.

నిద్ర నిడివి కూడా లెక్కకొస్తుంది. అమెరికాలో 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 32 నుంచి 59 ఏళ్ళ మధ్యవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. రోజుకు 5 గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయేవాళ్ళకు బీపీ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు ఉంది. బరువు, షుగర్ కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా కొంత తగ్గింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె ఆరోగ్యానికి చూడాల్సిన 8 అంశాల్లో తిండి, వ్యాయామం, పొగతాగకపోవడం, బీపీ, షుగర్ లాంటివాటి సరసన నిద్రను కూడా చేర్చింది. పెద్దవాళ్ళకు 7 నుంచి 9 గంటలు కావాలంటుంది. మీకు దొరుకుతున్నది 4 గంటలు, అదీ తెగిన నిద్ర.

అయితే మీ విషయంలో నన్ను ఆలోచనలో పడేసింది గంటల లెక్క కాదు, గురక.

మనవాళ్ళకు గురక అంటే జబ్బనే ఆలోచన రాదు. "గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటే హాయిగా, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడనే అర్థం. పగలంతా కష్టపడ్డాడు, పడుకోనీ అంటారు. నేను కూడా చాలాకాలం బీపీ పేషెంట్లను ఉప్పు గురించి, మందు అలవాటు గురించి, మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అని అడిగేవాణ్ణి తప్ప రాత్రి నిద్ర గురించి అడిగేవాణ్ణి కాదు. దానివల్ల ఒక మనిషికి ఏడాది పాటు అన్యాయం చేశాను. ఆ కేసు చెప్తే మీకే అర్థమవుతుంది.

ఆయన మిర్చి వ్యాపారి, వయసు 52. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ మూడూ పూర్తి మోతాదులో వేసుకుంటున్నా ఎప్పుడొచ్చినా 160/100. మాత్రలు ఎగ్గొడుతున్నాడేమోనని నాకు అనుమానం. ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించమన్నాను, పాపం తెచ్చాడు. స్కానింగ్, కిడ్నీ పరీక్షలు చేయించాను, ఏమీ తేలలేదు. నాలుగో మాత్ర రాయబోతుండగా ఒకరోజు ఆయన భార్య తన థైరాయిడ్ రిపోర్టు పట్టుకుని వచ్చింది. మాటల్లో "నాకూ నిద్ర ఉండట్లేదు డాక్టరుగారూ, ఈయన గురకకు పక్క గదిలో పడుకుంటున్నా. గురక పెట్టినంతసేపూ బాధ లేదండీ, ఉన్నట్టుండి ఆగిపోతుందే, అప్పుడే భయమేసి లేచి వెళ్ళి చూసొస్తా" అంది.

ఫోన్‌లో వీడియో తీసి తెమ్మన్నాను. రెండు నిమిషాల వీడియో. బెడ్‌లైటు వెలుగులో ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గురక పెద్దదవుతూ పెద్దదవుతూ వచ్చి టక్కున ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. పొట్ట, ఛాతీ మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి, గాలి లోపలికి పోవడం లేదు. వీడియో కింద తిరిగే సెకన్లు చూస్తూ కూర్చున్నాను. 38 సెకన్లు. తర్వాత నీళ్ళలో మునిగినవాడు పైకి తేలినట్టు పెద్దగా గొంతు పెగిలి, కాళ్ళు విదిలించి పక్కకు తిరిగాడు. మళ్ళీ గురక మొదలు. ఆయన కళ్ళు తెరవలేదు. వీడియో చూపిస్తే "ఇది నేనేనా" అని అడిగాడు. రాత్రి లేచినట్టే తనకు గుర్తు లేదన్నాడు.

నిద్ర పరీక్ష చేయిస్తే గంటకు 46 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిపోయింది. మెలకువలో ఉన్న మనిషికి ఆ అంకె వస్తే అంబులెన్స్ పిలుస్తాం.

ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒంట్లో జరిగేది ఇది. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి దారి మూసుకుంటుంది. ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ప్రమాదమని గుర్తించి అడ్రినలిన్ విడుదల చేయించి మనిషిని అర మెలకువకు తెస్తుంది. గొంతు తెరుచుకుంటుంది, గుండె దడదడలాడుతుంది, ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. గంటకు 30 సార్లంటే రెండు నిమిషాలకోసారి. రాత్రంతా ఎవరో వీపు మీద చరిచి లేపుతున్నట్టే. ఆ ఉద్రేకం తెల్లవారాక కూడా పూర్తిగా చల్లారదు, అందుకే పొద్దుటి రీడింగే ఎక్కువ. రాత్రి మూత్రానికి లేవడం కూడా చాలామందిలో దీనివల్లే. మూసుకున్న గొంతుతో గాలి కోసం గుంజినప్పుడు గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీళ్ళు ఎక్కువయ్యాయని గుండె పొరబడి మూత్రం ఎక్కువ తయారయ్యే హార్మోన్ వదులుతుంది. షుగర్ లేదు, ప్రోస్టేట్ బాగుంది, అయినా రెండు మూడుసార్లు లేస్తున్నాడంటే ఇప్పుడు నేను మొదట అడిగేది గురక గురించే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిపిన అధ్యయనం 2000లో వెలువడింది. గంటకు 15 సార్లు, అంతకన్నా ఎక్కువగా ఊపిరి ఆగేవాళ్ళకు నాలుగేళ్ళు తిరిగేసరికి బీపీ ఉండే అవకాశం, అసలు ఆగనివాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లని తేలింది. బరువు, వయసు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన సంఖ్య అది. మూడు రకాల మాత్రలకు లొంగని బీపీ ఉన్నవాళ్ళలో స్లీప్ యాప్నియా చాలా మామూలు.

ఇప్పుడు మీ సంగతి. టొరంటో డాక్టర్లు తయారుచేసిన 8 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, ప్రపంచమంతా వాడుతున్నాం. గట్టిగా గురక ఉందా, పగలు అలసట, మగత ఉన్నాయా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ (ఎత్తుకు, బరువుకు మధ్య లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకు మించిందా, మగవాళ్ళా? అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. మీరు రాసినదాన్ని బట్టే మీకు నాలుగు వచ్చాయి: గురక, మగత, బీపీ, మగవారు కావడం. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అనుమానించాలి, ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే గట్టిగా అనుమానించాలి. దర్జీ టేపుతో మెడ కొలుచుకోండి. మీ భార్యను కూర్చోబెట్టి, గురక మధ్యలో ఆగుతోందా అని అడగండి. మీ నిద్రకు సాక్షి ఆమె, మీరు కాదు. ఆమె చెప్పేది కొట్టిపారేయకండి.

బీఎంఐ 35 లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. మీది సుమారు 30 వస్తుంది. మన ఆసియావాళ్ళకు అంత లావు లేకుండానే ఈ జబ్బు వస్తుంది, దవడ చిన్నగా వెనక్కి ఉండటం ఒక కారణం. 62 కిలోల టీచరమ్మకు కూడా నేను చూశాను. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో ఇది పెరుగుతుంది. వాళ్ళు గురక సంగతి సిగ్గుపడి చెప్పరు, "నీరసంగా ఉంటోంది, తలనొప్పి" అంటారంతే.

పరీక్ష: స్లీప్ స్టడీ అంటే హాస్పిటల్లో ఒక రాత్రి ఒంటి నిండా వైర్లతో పడుకోవడమని భయపడుతుంటారు. మీలాంటి కేసుల్లో చాలావరకు ఇంట్లోనే చేయొచ్చు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, అంతే. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరో, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరో అడగండి. ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 5 సార్ల లోపైతే మామూలు, 5 నుంచి 15 తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. వీలైతే 24 గంటల బీపీ పరీక్ష కూడా చేయించుకోండి. చేతికి పట్టీ కట్టి పంపిస్తారు, అదే అరగంటకోసారి కొలుస్తుంది. నిద్రలో సగటు 120/70 లోపు ఉండాలి. ఒక ఇబ్బంది ఏమిటంటే, పట్టీ బిగుసుకున్నప్పుడల్లా కొందరికి మెలకువ వస్తుంది. నిద్ర సరిగా పట్టలేదంటే ఆ సంగతి రిపోర్టుతో పాటు డాక్టరుకు చెప్పాలి.

పరీక్షలో తేలితే సీప్యాప్ మిషన్ పెట్టుకోమంటారు. ఈ మాట చెప్పగానే మిర్చి వ్యాపారి మొహం పాలిపోయింది. "ఆక్సిజన్ పెట్టించుకునే స్థితికి వచ్చానా డాక్టరుగారూ?" అని అడిగాడు. అది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. చిన్న మిషన్ ఆ గాలిని కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపితే గొంతు దారి మూసుకోకుండా ఉంటుంది. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు మొదట వాడి చూపించాడు. అలవాటుపడితే మానలేమన్న భయం కూడా అక్కర్లేదు. కళ్ళజోడు లాంటిది, పెట్టుకున్నంతసేపు పనిచేస్తుంది.

దీని గురించి ఎక్కువ ఆశ పెట్టను. సీప్యాప్ వల్ల సగటున తగ్గే బీపీ 2, 3 పాయింట్లే. బీపీ మాత్రకు అది ప్రత్యామ్నాయం కాదు. కానీ మాత్రలకు లొంగని బీపీ ఉన్నవాళ్ళలో, పగలు మగతగా ఉండేవాళ్ళలో, రోజూ సరిపడా గంటలు పెట్టుకునేవాళ్ళలో ఇంకా బాగా తగ్గుతుంది. రాత్రికి 4 గంటలైనా పెట్టుకోకపోతే ఫలితం అంతంతమాత్రమే. కొన్నాక నెలకల్లా అటక మీద పెట్టేసినవాళ్ళు నా పేషెంట్లలోనే ఉన్నారు. మాస్క్ సైజు సరిపోకపోవడమే చాలామందికి సమస్య, దాన్ని మార్పించుకోవాలి కానీ మిషన్ మానేయకూడదు. మిర్చి వ్యాపారికి మొదటి పది రోజులు నరకంగా ఉంది. రోజూ పడుకునేముందు ఒక అరగంట, టీవీ చూస్తూ, మెలకువగా ఉన్నప్పుడే పెట్టుకోమన్నాను. మూడో వారానికి అలవాటైంది. ఏడాదిలో 9 కిలోలు తగ్గాడు, క్లోర్‌థాలిడోన్ తీసేశాం, మిగతా రెండు మాత్రలతోనే 132/82 ఉంటోంది.

బరువు ప్రభావం చాలా పెద్దది. ఒంటి బరువులో పదో వంతు తగ్గితే ఊపిరి ఆగే లెక్క నాలుగో వంతు దాకా తగ్గుతుంది. మీకు అది 8 కిలోలు. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం కూడా చాలామందికి పనిచేస్తుంది, దీనికి డాక్టరు చీటీ అక్కర్లేదు, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి.

నిద్రమాత్ర ఎందుకు వద్దన్నానో ఇప్పటికే తెలిసి ఉంటుంది. గొంతు మూసుకున్నప్పుడు మనిషిని కాపాడేది ఆ అర మెలకువే. అల్ప్రాజోలం లాంటి మాత్ర గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది, మెదడు లేవడాన్ని ఆలస్యం చేస్తుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. అయినా "నిద్ర పట్టట్లేదు" అంటే చేతిలో పెట్టే దుకాణాలు ఉన్నాయి. నాలుగు వారాలు వాడితే అలవాటుగా మారుతుంది, ఆపితే నిద్ర ముందుకన్నా ఘోరంగా చెడిపోతుంది. రాత్రి రెండు పెగ్గులు వేస్తే నిద్ర పడుతుందనేవాళ్ళకూ ఇదే చెప్తాను. మందు తొందరగా నిద్రపుచ్చుతుంది నిజమే, కానీ తెల్లవారుజాము నిద్రను పాడుచేస్తుంది, గురక పెంచుతుంది, బీపీ పెంచుతుంది.

అలాగని నిద్ర చెడిన ప్రతి మనిషికీ స్లీప్ యాప్నియానే అనుకోకండి. ఇంకో కేసు చెప్తాను. ఆమెకు 44 ఏళ్ళు, సన్నగా ఉంటుంది, గురక లేదు. బీపీ కొత్తగా 148/92. ఇంట్లో బీపీ ఎవరికీ లేదు. ఏం మారిందమ్మా అని అడిగితే చాలాసేపు ఏమీ లేదంది. తర్వాత మెల్లగా చెప్పింది. అత్తగారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. ఒత్తిడి పుళ్ళు రాకుండా రాత్రి రెండు గంటలకోసారి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఎనిమిది నెలలుగా ఒక్కరోజు కూడా వరసగా మూడు గంటలు పడుకోలేదు. "అలారం కూడా అక్కర్లేదండీ, ఆ టైముకి మెలకువ వచ్చేస్తుంది" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు చాలా బాధేసింది.

నేను మాత్ర రాయలేదు. ఆమె భర్తను, తోటికోడలిని పిలిపించి మాట్లాడాను. వారంలో మూడు రాత్రులు తోటికోడలు, రెండు రాత్రులు కొడుకే తల్లి దగ్గర పడుకోవాలని ఒప్పించాను. తల్లి పని కొడుకు చేయడమేంటని మొదట వాళ్ళింట్లో గొడవైందట. చేశాడు. రెండు నెలలకు ఆమె బీపీ 132/84కి వచ్చింది. అందరికీ ఇలా దిగుతుందని చెప్పను. మూడు నెలలు చూసి తగ్గకపోతే ఆమెకూ మాత్ర మొదలుపెట్టేవాణ్ణే. కానీ ఇలాంటి బీపీకి మాత్ర రాసి పంపేస్తే కారణం అలాగే మిగిలిపోతుంది.

టెన్షన్ వల్ల నిద్ర పట్టక దొర్లేవాళ్ళకు కొన్ని కచ్చితమైన పద్ధతులున్నాయి, మాత్రల కన్నా అవే ఎక్కువకాలం నిలుస్తాయి. ఎన్నింటికి పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవాలి. మంచం మీద 20 నిమిషాలకు పైగా నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చుని, కళ్ళు మూతపడుతున్నప్పుడే తిరిగి రావాలి. మంచం మీద ఫోన్, లెక్కలు, వాదనలు వద్దు. పగటి కునుకు అరగంట మించొద్దు. మధ్యాహ్నం 2 దాటాక కాఫీ, టీ మానేయాలి. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే 5 గంటల దాకా పడుతుంది.

రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళ సంగతి వేరే పెద్ద కథ. ఒక్క మాట చెప్తాను: వారం వారం షిఫ్టు మారడం మరీ చెరుపు.

మందుల చీటీ కూడా ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కొన్ని మందులు నిద్రను చెరుపుతాయి, కొన్ని బీపీని పెంచుతాయి. మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్రలను రాత్రి వేసుకుంటే నిద్ర ఎలా ఉంటుంది? అవి పొద్దునే వేసుకోవాలి. రామిప్రిల్, ఎనాలాప్రిల్ కొందరికి పొడి దగ్గు తెప్పించి రాత్రి లేపుతాయి. ప్రోప్రనలాల్, మెటోప్రొలాల్ కొందరికి పీడకలలు తెస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసేది మోకాళ్ళ నొప్పుల వ్యవహారం. నొప్పికి నిద్ర పట్టక పడుకునేముందు డైక్లోఫెనాక్ వేసుకుంటారు, నెలల తరబడి. అది బీపీని పెంచుతుంది, బీపీ మాత్రల పనిని దెబ్బతీస్తుంది, కిడ్నీలను పాడుచేస్తుంది. నొప్పి మాత్ర గురించి బీపీ డాక్టరుకు చెప్పాలనే ఆలోచనే రాదు ఎవరికీ. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ కూడా అంతే.

ఉప్పు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ స్పూను, కూరలో పడేదంతా కలిపి. రాత్రి పెరుగన్నంలో ఆవకాయ, పక్కన అప్పడం, అక్కడే సగం అయిపోతుంది. ఉప్పు ఎక్కువైతే రాత్రి బీపీ దిగదు, దాన్ని బయటికి పంపడానికి కిడ్నీ రాత్రంతా పనిచేస్తుంది, మూత్రానికి లేవాల్సి వస్తుంది. పచ్చడి పూర్తిగా మానమనను. రాత్రి భోజనంలో మాత్రం వద్దు.

మీ మూడో ప్రశ్న, మాత్ర వేళ. 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం రాత్రి వేసుకుంటే చాలా మేలంది, దాంతో అందరూ రాత్రికి మార్చడం మొదలుపెట్టారు. ఆ లెక్కల మీద నిపుణులు చాలా సందేహాలు లేవనెత్తారు. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా మనుషుల మీద జరిపి, 2022లో వెలువరించిన పరీక్షలో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా లేదని తేలింది. పైగా మీరు వాడే టెల్మిసార్టాన్ ఒంట్లో దాదాపు 24 గంటలూ ఉండే మందు. ఏ వేళకు మర్చిపోకుండా వేసుకోగలరో అదే మంచి వేళ. మీ సగటు ఎక్కువే ఉంటే మోతాదు పెంచాలా, ఇంకో మాత్ర కలపాలా అన్నది మీ డాక్టరు చూస్తారు.

ఆ సగటు సరిగా తెలియాలంటే కొలవడం సరిగా ఉండాలి. పొద్దున లేచిన గంట లోపు, మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీకీ మాత్రకూ ముందు, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. సాయంత్రం కూడా అలాగే. ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 దాటితే ఎక్కువ ఉన్నట్టే. మీ చేయి లావైతే పెద్ద పట్టీ కొనండి, చిన్న పట్టీ అంకెను ఎక్కువ చేసి చూపిస్తుంది.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మాత్రం బీపీ మిషన్ బయటికి తీసి చూసుకోకండి. ఆ వేళ కంగారులో ఎక్కువే చూపిస్తుంది, చూసి ఇంకా కంగారు పడతారు, ఇక తెల్లారేదాకా జాగారమే. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం ఉంటే అంకెతో పనిలేదు, వెంటనే హాస్పిటల్‌కు వెళ్ళాలి. ఇవేవీ లేకపోయినా, కాసేపు స్థిమితంగా కూర్చుని చూశాక కూడా 180/120 దాటే ఉంటే అదే రోజు డాక్టరును కలవండి.

ఈ వారం మీరు చేయాల్సింది: మీ భార్యను ఒక వీడియో తీయమనండి, గురక ఆగిన చోట వెంటనే ఆపేయకుండా కనీసం రెండు నిమిషాలు. ఏడు రోజుల రీడింగులు, వాడుతున్న మందులన్నీ, వీలైతే ఆమెను కూడా వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆమె చెప్పేది డాక్టరు నేరుగా వినడం మంచిది.

చివరిగా, మీరు ప్రశ్నలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ సిగ్నల్ సంగతి. నాకు బీపీ అంకెల కన్నా దాని మీదే ఎక్కువ భయంగా ఉంది. ఆగి ఉన్న బండి మీద కన్ను మూతపడింది కాబట్టి ఒరిగి ఊరుకుంది. స్లీప్ స్టడీ అయి, వైద్యం మొదలై, పగటి మగత పోయిందని తేలేదాకా ఆ 25 కిలోమీటర్లు బైకు మీద వెళ్ళకండి. గంట ముందు బయల్దేరాల్సి వచ్చినా సరే, బస్సెక్కండి.